సెల్లు మార్చినా మొరాయిస్తోందా?

రిమోట్ పని చేయకపోతే అరచేతికేసి నాలుగుసార్లు కొట్టడం, సెల్లను వేలితో అటూ ఇటూ దొర్లించడం అందరం చేసేదే. అప్పటికీ కదలకపోతే వస్తువు పాడైందనుకుంటాం. నేను చూసినంతలో చాలాసార్లు తప్పు వస్తువుది కాదు, దానికి నప్పని సెల్ వేసిన మనదే.

చార్జింగ్ సెల్లు నిండుగా ఉన్నా బ్యాటరీ గుర్తు సగమే చూపిస్తోంది

ఆల్కలైన్ సెల్ (ఒకసారి వాడి పారేసే రకం) 1.5 వోల్టుల దగ్గర మొదలై, వాడేకొద్దీ మెల్లగా దిగుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం చార్జింగ్ సెల్ అలా కాదు. చార్జర్ నుంచి తీయగానే 1.4 దాకా ఉన్నా, కాసేపటికే 1.2కి దిగి, దాదాపు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడుతుంది. ఆ గుర్తుకు తెలిసింది ఆల్కలైన్ లెక్కే కాబట్టి 1.2 చూడగానే సగం అయిపోయిందంటుంది. మెనూలో బ్యాటరీ రకం ఎంచుకునే వీలుంటే మార్చండి. లేకపోతే ఆ గుర్తును నమ్మడం మానేయండి.

కొత్త ఆల్కలైన్ వేసినా కెమెరా ఫ్లాష్ కాసేపటికే నీరసపడుతోంది

ఫ్లాష్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆల్కలైన్‌కు లోపలి నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) ఎక్కువ, అంత వేగంగా ఇవ్వలేదు. ఇక్కడ చార్జింగ్ సెల్లే సరైనవి. ఫ్లాష్‌లో ‘అయిపోయిన’ ఆల్కలైన్‌ను పారేయకండి, గోడ గడియారంలో ఇంకా నెలల తరబడి తిరుగుతుంది!

పక్కన పెట్టిన చార్జింగ్ సెల్లు వాడబోతే ఖాళీ

పాత రకం సెల్లు ఊరికే ఉన్నా కొన్ని నెలల్లో చార్జి పోగొట్టుకుంటాయి. 2005 నుంచి చార్జి నిలుపుకునే రకం దొరుకుతోంది, అదే కొనండి.

సెల్ గదిలో తెల్లటి పొడి

ఎమర్జెన్సీకని దాచిన టార్చ్‌ను, తీరా కరెంటు పోయాక తీసి చూస్తే స్ప్రింగ్ నిండా తెల్లటి పెచ్చు. ఆల్కలైన్ లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి కారి, గాలి తగిలి అలా గట్టిపడుతుంది. చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతికి గ్లవ్స్ ఉండాలి. దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి స్ప్రింగ్ మీద అద్దితే బుస్సుమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా అద్ది, తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నల్లబడిన చోట పెన్సిల్ రబ్బరుతో రుద్దితే లోహం మెరుస్తుంది. నా టార్చ్ అలాగే బతికింది. ఇప్పుడు దాన్ని సెల్లు తీసే దాస్తున్నాను.

నాలుగు సెల్లలో ఒకటే పదేపదే చచ్చిపోతోంది

పాతవీ కొత్తవీ, లేదా రెండు రకాలూ కలిపి వేసి ఉంటారు. బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, మిగతావి దాంట్లోంచి బలవంతంగా కరెంటు తోస్తాయి. చివరికి అదే కారుతుంది. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి, ఒకే రకం.

కొత్త సెల్ వేయగానే వస్తువు కాలిపోయింది

సైజు ఒకటైతే సరిపోదు. 14500 అనే లిథియం సెల్ చూడ్డానికి అచ్చం పెన్సిల్ సెల్లే, కానీ దాని వోల్టేజీ 3.7. కాలినదాన్ని నేనేం చేయలేను. ఈసారి సెల్ ఒంటి మీద రాసిన వోల్టుల అంకె చదివి వేయండి.

ఫోన్ 20 శాతం దగ్గరే ఆగిపోతోంది

కొన్ని వందల చార్జింగ్‌ల తర్వాత లిథియం అయాన్ బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరవగానే వోల్టేజీ పడిపోయి ఫోన్ ఆగిపోతుంది, చలిలో మరీనూ. బ్యాటరీ మార్చడమే మందు, కానీ జిగురుతో అతికించిన ఫోన్‌లో అది మనవల్ల అయ్యే పని కాదు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునే వీలుండాలి. ఈలోగా మీ ఫోన్ వెనక మూత ఉబ్బితే మాత్రం చార్జింగ్ వెంటనే ఆపండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, సర్వీస్ వాళ్ల చేతిలో పెట్టండి.