ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు కూలి పోకుండా లెక్క రాసుకోవడం ఎలా

కంపెనీ ఇచ్చే కార్డు ఉన్నా, మీకంటూ వేరే నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, తీసుకున్న తునికాకు, తంబాకు తూకం, అప్పజెప్పిన బీడీలు, బాగాలేవని కంపెనీవాళ్లు తీసేసినవి, చేతికొచ్చిన కూలి రాయండి.

కూలి ఎక్కువగా పోయేది ఆకు దగ్గరే. చిల్లులు, చిరుగులున్న ఆకు కత్తెరకు పనికిరాదు. తక్కువ పడింది సొంత డబ్బుతో కొంటే ఆ ఖర్చు మీ కూలిలోంచి పోయినట్టే. అందుకే కట్ట అక్కడే విప్పి చూసి, పాడైనది వెంటనే తిరిగివ్వండి. కొన్నది కూడా రాయండి.

కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలంటే 40 కట్టలు. అందులో 2 కట్టలు తీసేస్తే వందకు 5 పోయినట్టు. తీసేసిన బీడీలను మీ ముందే తుంచమనండి. కూలి ఇవ్వకుండా వాటిని ఉంచుకోవడం అన్యాయం.

ఇంట్లో చుట్టేవాళ్లకూ పీఎఫ్ (భవిష్య నిధి) వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. కార్డు అత్త పేరిట, చుట్టేది కోడలు అయితే పీఎఫ్ కోడలికి రాదు; ముందు పేరు మార్పించుకోండి. పీఎఫ్ సభ్యులకిచ్చే 12 అంకెల నంబరైన యూఏఎన్‌కు మీ ఫోన్ నంబరు, ఆధార్ కలిపి ఉంటే 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ మెసేజ్‌గా వస్తుంది. కూలిలోంచి పీఎఫ్ కోత పడుతున్నా నిల్వ పెరగకపోతే నోటుబుక్కు పట్టుకుని నలుగురైదుగురు కలిసి పీఎఫ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.