లేక్ హౌస్ డెక్ ఊగుతోందా, మూల లేచిందా, గోడ నుంచి జరుగుతోందా? (సమస్య - పరిష్కారం)

అమెరికాలోని మిన్నెసోటాలో లేక్ ఒడ్డు ఇళ్ళు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. లాట్ నీళ్ళ వైపు వాలుగా దిగుతుంది, కింద వాకౌట్ బేస్‌మెంట్ (నేరుగా పెరట్లోకి తలుపున్న కింది అంతస్తు), మెయిన్ ఫ్లోర్ లెవెల్లో లేక్ వైపు డెక్, అంటే చెక్కతో కట్టిన ఆరుబయటి అరుగు. అంటే డెక్ నేల నుంచి ఎనిమిది తొమ్మిది అడుగుల పైన ఉంటుంది. రెండడుగుల ఎత్తు డెక్ కూలితే కాలు బెణుకుతుందేమో, ఇంత ఎత్తు నుంచి కూలితే మాత్రం వేరే సంగతి. పైగా మనకి ఊళ్ళో కాంక్రీట్ డాబా మీద ఎంతమంది ఎక్కినా ఏం కాదనే ధైర్యం అలవాటు, అదే ధైర్యంతో గృహప్రవేశం రోజు అందర్నీ ఈ చెక్క డెక్ మీదకి పిలిచి, ఫోటో అనగానే అందరం వెళ్ళి లేక్ వైపు రైలింగ్‌కి ఆనుకుంటాం.

మామూలు డెక్‌ని చదరపు అడుగుకి 40 పౌండ్ల జనం బరువు లెక్కన డిజైన్ చేస్తారు. 12×16 డెక్ అంటే 192 చదరపు అడుగులు, 7,680 పౌండ్లు, లెక్కకి నలభై మంది దాకా పడతారు. కానీ ఆ లెక్క కింద ప్రతి జాయింటూ గట్టిగా ఉంటేనే నిలబడుతుంది. అందుకే పైన రంగు పోయిన పలకలు చూసి మార్చేద్దాం అనుకునే ముందు ఓ టార్చి, ఓ పాత స్క్రూడ్రైవర్, లెవెల్ తీసుకుని కిందకి వెళ్ళండి. కాంట్రాక్టర్ వచ్చి కిందకి తొంగి కూడా చూడకుండా కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకల) శాంపిల్స్ తీసి కలర్ ఏది కావాలి అంటే, టీ ఇచ్చి పంపించేయండి.

డెక్‌కీ ఇంటి గోడకీ మధ్య సందు కనిపిస్తోంది, లేదా బేస్‌మెంట్‌లో ఆ గోడ దగ్గర తడి

అన్నిటికంటే భయపడాల్సింది ఇదే. డెక్‌ని ఇంటికి పట్టి ఉంచే అడ్డ పలకని లెడ్జర్ అంటారు. డెక్ బరువులో దాదాపు సగం దాని మీదే ఉంటుంది, డెక్‌లు కూలిన కేసుల్లో ఎక్కువసార్లు దోషి కూడా అదే. కింద నుంచి టార్చి వేసి చూడండి, బోల్టు తలకాయలు కనిపిస్తున్నాయా, ఒట్టి మేకులేనా? మేకు నిలువు బరువుని కొంతవరకు మోస్తుంది గానీ జనం కదిలి డెక్ బయటికి లాగినప్పుడు మెల్లగా ఊడి వచ్చేస్తుంది, పాత క్యాబిన్లలో మేకులతో కొట్టిన లెడ్జర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

రెండో కారణం నీళ్ళు. సైడింగ్ (గోడ బయటి తొడుగు) తీయకుండా దాని మీదే లెడ్జర్ బిగించినా, పైన ఫ్లాషింగ్ (నీళ్ళు లోపలికి పోకుండా పెట్టే రేకు) వేయకపోయినా, వాననీళ్ళూ కరిగిన మంచూ ఆ సందులోకి దిగి అక్కడే కూర్చుంటాయి. లెడ్జర్ ట్రీటెడ్ కలప (కుళ్ళకుండా మందు పట్టించింది) కాబట్టి ఓర్చుకుంటుంది, దాని వెనకాల ఉన్న ఇంటి రిమ్ జాయిస్టు (ఫ్లోర్ అంచు వెంట ఉండే దూలం) మామూలు కలప, ముందు కుళ్ళేది అదే. అంటే బోల్టులు ఉన్నాయి కదా అని ఊరుకుంటే ఆ బోల్టులు పట్టుకున్నది పొట్టుని అయ్యుండొచ్చు. బేస్‌మెంట్ సీలింగ్‌లో ఆ వైపు ఇన్సులేషన్ తీసి రిమ్‌ని లోపలి నుంచి స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మంచి చెక్కలో మొన కూడా సరిగా దిగదు, అర అంగుళం మెత్తగా దిగిపోయిందంటే అక్కడ కలప లేనట్టే లెక్క.

రిపేర్ ఎలా అంటే, ముందు డెక్‌కి టెంపరరీ సపోర్ట్ పెట్టాలి, అది లేకుండా ఒక్క బోల్టు కూడా తీయొద్దు. గోడకి రెండు మూడడుగుల అవతల, డెక్ జాయిస్టుల (పలకల కింద వరసగా వేసే దూలాల) కింద ఓ తాత్కాలిక బీమ్, దాని కింద పోస్టులు, వాటి కింద వెడల్పు పలకలు. జాకీతో లేపినా బరువు పోస్టుల మీదే ఉంచాలి, ఒట్టి హైడ్రాలిక్ జాకీని నమ్మి కింద దూరకూడదు, సీల్ జారిందంటే అంతే. తర్వాత గోడ పక్క పలకలు తీసి, లెడ్జర్ దించి, వెనక సైడింగ్ కోసి, కుళ్ళిన షీథింగ్ (సైడింగ్ వెనకాల ఉండే గోడ పలక), రిమ్ మంచి కలప వచ్చేదాకా కోసి తీసి కొత్తది వేయాలి. కొత్త లెడ్జర్‌ని అర అంగుళం బోల్టులు గానీ లాగ్ స్క్రూలు (బోల్టు తలకాయ ఉండే లావు స్క్రూలు) గానీ వాషర్లతో, పైకీ కిందకీ మార్చి మార్చి బిగించాలి. ఎంత దూరానికి ఒకటి అనేది జాయిస్టు పొడవుని బట్టి మారుతుంది, 10 నుంచి 12 అడుగుల జాయిస్టులైతే లాగ్ స్క్రూలు 15 అంగుళాలకి ఒకటి, ఆరపార బోల్టులైతే 29 అంగుళాలకి ఒకటి. దాని మీద ఫ్లాషింగ్, ఫ్లాషింగ్ పై అంచు హౌస్‌ర్యాప్ (సైడింగ్ వెనకాల గోడకి చుట్టే షీటు) కిందకి దూరాలి, పైన అంటిస్తే నీళ్ళు మళ్ళీ లోపలికే. ఇవి కాక డెక్ బయటికి లాగకుండా ఇంటి ఫ్లోర్ జాయిస్టులకి కట్టే టెన్షన్ టైలు కూడా పెట్టాలి, 1,500 పౌండ్లవి రెండు చోట్ల లేదా 750 పౌండ్లవి నాలుగు చోట్ల.

గోడకి బయట ఇటుక ఉంటే, లేదా ఆ వైపు ఇంటి ఫ్లోరే బయటికి పొడుచుకొచ్చి ఉంటే, లెడ్జర్ ఆలోచన మానేయండి. ఇటుక అక్కడ అలంకారమే, బరువు మోయదు. ఇంటి పక్కనే ఇంకో వరుస పోస్టులు, బీమ్ వేసి డెక్‌ని సొంత కాళ్ళ మీద నిలబెట్టడమే దారి. నన్నడిగితే లేక్ ఇళ్ళకి అన్ని కేసుల్లోనూ ఇదే మంచిది, గోడకి కన్నాలు పడవు. ఒక్క సంగతి, గోడకి 5 అడుగుల లోపల వేసే ఫుటింగులు (పోస్టుల కింద భూమిలో పోసే కాంక్రీట్ పునాదులు) ఇంటి ఫుటింగ్ లోతుకే దిగాలి, ఎందుకంటే అక్కడున్నది ఇల్లు కట్టినప్పుడు తవ్వి మళ్ళీ పూడ్చిన వదులు మట్టి.

ఫిబ్రవరిలో డోర్ తెరుచుకోదు, ఎండాకాలం వచ్చేసరికి అదే సర్దుకుంటుంది

మూల లేవడం, మెట్లు వంకర పోవడం, స్క్రీన్ డోర్ పట్టేయడం, ఇవన్నీ ఒకటే జాతి. మట్టిలో నీళ్ళు గడ్డకట్టి ఫుటింగ్‌ని పైకి నెట్టేస్తున్నాయి, దీన్నే ఫ్రాస్ట్ హీవ్ అంటారు. దీనికి చలి, నీళ్ళు, సన్నని ఒండ్రు మట్టి మూడూ కలవాలి, లేక్ ఒడ్డున మూడూ ఊరికే దొరుకుతాయి. ఇంకోటి చాలామంది గమనించరు, పెరట్లో మంచు దుప్పటిలా కప్పి నేలని కాస్త కాపాడుతుంది, డెక్ కింద మంచు తక్కువ పడుతుంది కాబట్టి అక్కడ చలి ఇంకా లోతుకి దిగుతుంది.

నిజంగా హీవేనా, లేక మట్టి కుంగిందా అనేది తేల్చుకోవాలంటే ఫిబ్రవరిలో ఓసారి, ఆగస్టులో ఓసారి ఒకే పాయింట్ల దగ్గర లెవెల్ చూసి రాసిపెట్టుకోండి. లేచి దిగుతుంటే హీవ్. ఎప్పుడు చూసినా కిందకే పోతుంటే ఫుటింగ్ వెడల్పు చాలలేదు, లేదా ఇంటి చూరు గటర్ కప్పు నీళ్ళు తెచ్చి దాని పక్కనే పోస్తోంది. రెండోదైతే ముందు గటర్ పైపు దూరంగా తిప్పి చూడండి.

మిన్నెసోటాలో ఫుటింగ్ అడుగు దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు దిగాలి. పాత క్యాబిన్ల కింద తవ్వితే రెండడుగులకే కాంక్రీట్ అయిపోతుంది, కొన్నిచోట్ల నేల మీద పెట్టిన దిమ్మే ఉంటుంది. లోతు సరిగ్గా ఉన్నా లేస్తోందంటే గడ్డకట్టిన మట్టి కాంక్రీట్ పక్కలని పట్టుకుని లాగుతోందన్నమాట. గొయ్యి పైన వెడల్పుగా, కింద సన్నగా తవ్వి ఫామ్ (కాంక్రీట్‌కి మూస) లేకుండా పోసేస్తే ఇలాగే అవుతుంది, నున్నటి కార్డ్‌బోర్డ్ ట్యూబ్ పెట్టి అడుగున వెడల్పు చేస్తే ఈ గొడవ ఉండదు.

పొట్టి ఫుటింగ్‌కి రిపేర్ అంటూ ఏం లేదండీ, పోస్టు కింద షిమ్ములు (సన్నని ముక్కలు) పెట్టడం, ఏటా పోస్టు కోయడం ఇవన్నీ కాలయాపన. కొత్తది వేయాల్సిందే. లేక్ దగ్గర మూడడుగులు తవ్వేసరికి గోతిలో నీళ్ళు ఊరతాయి, మోటర్‌తో తోడుతూ కాంక్రీట్ పోయడం నరకం, అలాంటి చోట స్టీల్ హెలికల్ పైర్లు బెటర్. స్క్రూ లాగా మెషీన్‌తో భూమిలోకి తిప్పుతారు, తిప్పడానికి ఎంత టార్క్ పట్టిందో చూసి ఎంత బరువు మోస్తుందో చెప్తారు, తవ్విన మట్టి కొండలు ఉండవు. ఏం చేసినా ముందు 811కి ఫోన్ చేసి భూమి కింది లైన్లు మార్క్ చేయించండి, అయితే వాళ్ళు మార్క్ చేసేది కంపెనీల లైన్లే, మీ సెప్టిక్ పైపు, బావి లైను, డాక్ దాకా లాగిన కరెంటు వైరు మీరే వెతుక్కోవాలి.

ఒడ్డు దగ్గరి మెట్లో, కింది ప్లాట్‌ఫామో ఒక్కటే జరిగిందంటే అది హీవ్ కాకపోవచ్చు, చలికాలంలో లేక్ మీద ఐసు వ్యాకోచించి ఒడ్డుని నెట్టేస్తుంది. దానితో పోట్లాడి గెలవలేం, ఆ చివరి భాగాన్ని తీసి దాచుకునేలా కట్టుకోవడమే.

నడుస్తుంటే ఊగుతోంది

ఎటు ఊగుతోంది? పైకీ కిందకీ ఎగురుతుంటే జాయిస్టులు పొడవెక్కువ, లావు తక్కువ. 16 అంగుళాలకి ఒకటి వేసిన 2×8 అంగుళాల సదరన్ పైన్ జాయిస్టు 12 అడుగులకి కొంచెం లోపే ఆగాలి, అది 14 దాటించి ఉంటే ట్రాంపొలిన్‌లా అనిపిస్తుంది. మధ్యలో కొత్త బీమ్, దాని కింద సరైన ఫుటింగులు వేస్తే చప్పున పోతుంది. పక్కపక్కకి ఊగుతుంటే అది పోస్టుల సమస్య, ఎత్తు డెక్ కాబట్టి బ్రేసింగ్ (ఏటవాలుగా పెట్టే ఆనుడు కర్రలు) లేకపోతే ఊగక చస్తుందా. పోస్టు నుంచి బీమ్‌కి 45 డిగ్రీల్లో, రెండడుగులకి తక్కువ కాకుండా బ్రేసులు బోల్టులతో పెట్టండి. పోస్టులు 4×4 అయితే ఈ ఎత్తుకి 6×6కి మార్చేయడం నయం. బీమ్‌ని పోస్టు పక్కన అంటించి బోల్టులు కొట్టి వదిలేసిన డెక్‌లు బోలెడు, అక్కడ బరువంతా ఆ రెండు బోల్టుల మీదే, బీమ్ పోస్టు నెత్తిన గానీ పోస్టులో కోసిన గాడిలో గానీ కూర్చోవాలి.

హ్యాంగర్లు (జాయిస్టు చివర్లని పట్టి ఉంచే ఇనప బిగింపులు), మేకులు ఎర్రగా తుప్పు పట్టాయి

2003 చివరిదాకా ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ కలపలో ఆర్సెనిక్ ఉండేది, ఆ తర్వాత వచ్చిన ఏసీక్యూ లాంటి కలప మందుల్లో రాగి ఎక్కువ, అది మామూలు గాల్వనైజ్డ్ ఇనుమునీ, అల్యూమినియం ఫ్లాషింగ్‌నీ తినేస్తుంది. కొత్తవి హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ వేయండి, రెండూ కలపొద్దు. హ్యాంగర్‌కి డెక్ స్క్రూలు వాడొద్దు, అవి వంగవు, పుటుక్కున విరుగుతాయి. కంపెనీ చెప్పిన మేకులు, అది చెప్పిన కన్నాలన్నిట్లో. పాత డెక్ విప్పిన పచ్చని చెక్కలని మాత్రం క్యాంప్‌ఫైర్‌లో వేయకండి బాబూ, బూడిదలో ఆర్సెనిక్ ఉంటుంది, పిల్లలు అక్కడే ఆడతారు.

రైలింగ్ నెడితే కదులుతోంది

నేల నుంచి 30 అంగుళాల పైన ఉన్న డెక్‌కి 36 అంగుళాల రైలింగ్ ఉండాలి, దాని సందుల్లోంచి 4 అంగుళాల బంతి దూరకూడదు, పైన 200 పౌండ్ల నెట్టుకి తట్టుకోవాలి. ఆ 200 పౌండ్లు పైన నెడితే మీట లాగా పనిచేసి కింది బోల్టు దగ్గర 1,500 పౌండ్ల పైనే పడతాయి, సగం కోసి అంటించిన 4×4 పోస్టు అక్కడే చీలుతుంది. కోయని పోస్టు, రెండు ఆరపార బోల్టులు, లోపలి వైపు జాయిస్టుకి పట్టే హోల్డ్‌డౌన్ బ్రాకెట్. స్క్రూలు ఇంకో నాలుగు కొట్టడం రిపేర్ కాదు.

ఏది ఉంచాలి, ఏది విప్పాలి

పలకలు మాత్రమే పోయి కింద ఫ్రేమ్ గట్టిగా ఉంటే పలకలు మార్చి, జాయిస్టుల నెత్తిన బ్యూటైల్ టేపు (నీళ్ళు దిగకుండా అంటించే టేపు) వేసి హాయిగా ఉండండి. ఫ్రేమ్ పోతే మొత్తం విప్పడమే, దాని మీద ఖరీదైన కాంపోజిట్ పరిస్తే పైన పటారం లోన లొటారం. కాంపోజిట్‌కి జాయిస్టుల మధ్య దూరం 16 అంగుళాలకి మించకూడదు, పలకలు ఏటవాలుగా పరిస్తే 12. హాట్ టబ్ ఆశ ఉంటే ఇప్పుడే ఇంజనీర్‌కి చెప్పండి, 400 గ్యాలన్ల నీళ్ళే 3,300 పౌండ్లు.

విప్పే ముందు కౌంటీ జోనింగ్ ఆఫీసుకి వెళ్ళాల్సిందే. కొత్త కట్టడాలు నీటి అంచు నుంచి లేక్ రకాన్ని బట్టి 50 నుంచి 150 అడుగుల దాకా వెనక్కి ఉండాలి, పాత క్యాబిన్లు చాలా వరకు అంతకంటే దగ్గరగా ఉంటాయి. ఉన్నదాన్ని ఉన్న కొలతల్లో మళ్ళీ కట్టుకోవడానికి మిన్నెసోటా చట్టం ఒప్పుకుంటుంది, పెంచడానికి కాదు, ఏడాది పైన వాడకుండా వదిలేస్తే ఆ హక్కు కూడా పోతుంది. కాబట్టి పాత డెక్ కొలతలు, ఫోటోలు అన్నీ ఫైల్లో పెట్టి, పర్మిట్ చేతికొచ్చాకే గునపం పట్టండి. ఫుటింగ్ గోతులు ఇన్‌స్పెక్టర్ చూశాకే కాంక్రీట్ పోయాలి.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, మంచు కరిగే రోజుల్లో పల్లె రోడ్ల మీద బరువు బళ్ళకి ఆంక్షలు ఉంటాయి, కాంక్రీట్ ట్రక్కు, కలప ట్రక్కు నిండుగా రానివ్వరు. చలికాలంలోనే డ్రాయింగులు, పర్మిట్ పూర్తి చేసుకుని, ఆ ఆంక్షలు ఎత్తేసిన వారంలో డెలివరీ వచ్చేలా ఆర్డర్ పెట్టుకోండి.