ఫ్రీజర్ మీటర్ నుంచి ఆఫీసు స్క్రీన్ దాకా: రీడింగ్ ఎక్కడ తప్పుతోంది?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ప్లాంట్లలో ఫ్రీజర్ గది మీటర్ నుంచి ఉష్ణోగ్రత రీడింగ్ మోడ్‌బస్ (మీటర్లు అంకెలు పంపే పద్ధతి) లైను మీద గేట్‌వేకి (మీటర్ అంకెలు తీసుకుని నెట్‌వర్క్ మీదకి పంపే పెట్టె), అక్కడి నుంచి ఎంక్యూటీటీ (నెట్‌వర్క్ మీద సందేశాలు పంపే పద్ధతి) ద్వారా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి చేరే ఏర్పాటుకి ఇది. రీడింగ్ తేడా వస్తే చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ వాళ్లకే ఫోన్ కొడతారు. దానికంటే ముందు మీటర్ డిస్‌ప్లే, తర్వాత గేట్‌వే పేజీ, ఆఖర్న ఆఫీసు స్క్రీన్ వరుసగా చూడండి. అంకె ఏ రెండింటి మధ్య మారిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

రీడింగ్ వస్తూ పోతూ ఉంటే

ఎక్కువగా తప్పు ఆర్‌ఎస్-485 తీగలోనే, అంటే మోడ్‌బస్ నడిచే ఏ, బి తీగల లైనులోనే ఉంటుంది. మన దగ్గర ఉప్పు గాలికి, తేమకి టెర్మినల్ స్క్రూ కింద రాగి పచ్చగా చిలుము పడుతుంది. ఆ కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించండి. తర్వాత కరెంటు ఆపి, ఏ, బి తీగల మధ్య మల్టీమీటర్ పెట్టండి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటే దాదాపు 60 చూపాలి. 120 చూపిస్తే ఒకటి లేనట్టు, 40 చూపిస్తే మధ్యలో ఎవరో మూడోది పెట్టినట్టు.

కంప్రెసర్ తిరిగేటప్పుడే పోతుంటే, ఈ తీగ మోటారు డ్రైవ్ కేబుల్‌తో కలిసి ఒకే ట్రేలో వెళ్తోందేమో చూసి విడదీయండి.

కొత్త మీటర్ పెట్టాక రెండు మీటర్లు పలకకపోతే

రెండింటికీ ఒకే స్లేవ్ నంబర్ (లైను మీద మీటర్ చిరునామా) ఉండి ఉంటుంది. కొత్తవి చాలావరకు 1తోనే వస్తాయి. మార్చండి.

మైనస్ 18 ఉండాల్సిన చోట 6535.6 కనిపిస్తే

మీటర్ పాడవలేదు. మైనస్ 18.0ని అది మైనస్ 180గా పంపుతుంది. గేట్‌వేలో ఆ రిజిస్టర్‌ని (మీటర్‌లో ఆ అంకె ఉండే గడి) గుర్తు లేని, అంటే మైనస్ ఉండని 16 బిట్ల అంకెగా పెడితే 65536లోంచి 180 పోయి 65356 అవుతుంది, పదితో భాగిస్తే 6535.6. డేటా టైపుని గుర్తు ఉన్న 16 బిట్లకి మార్చండి, చాలు.

అంకె గంటల తరబడి కదలకపోతే

నాకు అన్నిటికంటే భయం దీంతోనే. తప్పు అంకె అయితే ఎవరో ఒకరు గమనిస్తారు. పాత అంకె మాత్రం మైనస్ 18 అని చల్లగా చూపిస్తూనే ఉంటుంది, లోపల సరుకు కరిగిపోతుంది.

మీటర్ ఆగిపోయినా కొన్ని గేట్‌వేలు చివరి విలువనే పంపుతూ ఉంటాయి. గేట్‌వేనే ఆగిపోతే, రిటైన్ (చివరి సందేశం దాచుకోమనే సెట్టింగ్) పెట్టిన సందేశాన్ని బ్రోకర్ (ఎంక్యూటీటీ సందేశాలు అందించే సర్వర్) దాచుకుని, కొత్తగా కలిసిన ప్రతి స్క్రీన్‌కీ అదే ఇస్తుంది. అందుకే ప్రతి రీడింగ్‌తో పాటు మీటర్ నుంచి చదివిన సమయం కూడా పంపించండి. ఆ సమయం ఐదు నిమిషాల కంటే పాతదైతే స్క్రీన్ ఎర్రబడేలా పెట్టించండి. గేట్‌వే గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలపండి. కరెంటు పోయి వచ్చాక తేదీ వెనక్కి పోయే గేట్‌వేలు ఉన్నాయి.

ఇదంతా అయ్యాక, మీటర్ తీగ ఒకటి ఊడదీసి, స్క్రీన్ ఎర్రబడేదాకా అక్కడే ఉండి చూడండి. ఎర్రబడకపోతే పని ఇంకా ఉన్నట్టే.