మెచ్చుకున్నా చెవికెక్కనివాళ్లు థెరపీలో ఏం చేయాలి?

మొదటి సెషన్‌లో "మీ గురించి చెప్పండి" అనగానే నా తప్పుల చిట్టా విప్పాను. థెరపిస్టు ఇరవై నిమిషాలు విని, "ఇవన్నీ తేదీలతో సహా గుర్తున్నాయి. మరి బాగా చేసినవి?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు.

పని చేయగలనన్న నమ్మకం నాకు ఎప్పుడూ ఉండేది. పని చెడిపోయిన రోజు కూడా నాకో విలువ ఉంటుందన్నదే తెలియదు. థెరపీలో తేల్చుకోవాల్సింది ఈ రెండోదాన్ని, అంటే ఆత్మగౌరవాన్ని.

"నాకు కాన్ఫిడెన్స్ లేదండీ" అని వెళ్తే మాటలతోనే గంట గడిచిపోతుంది. ఆ వారం జరిగిన ఒక్క సంఘటన పట్టుకెళ్లండి. నేను పట్టుకెళ్లింది ఇదీ: మీటింగ్‌లో మేనేజర్ నా రిపోర్టు బాగుందన్నారు. "అబ్బే, అంతా టీమ్ చేసిందే సార్" అనేశాను. మూడు రాత్రులు కూర్చుని ఒక్కదాన్నే రాసిన రిపోర్టు అది! ఆ అబద్ధం ఎందుకు ఆడానన్న ప్రశ్నకే ఒక సెషన్ పట్టింది.

నాకు చేసింది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే సీబీటీ: మనసులో వచ్చే ఆలోచనల్ని, అలవాట్లని పరీక్షించి మార్చుకోవడం. 1960ల్లో అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ మొదలుపెట్టిన పద్ధతి. ఇందులో ఇంటి దగ్గర చేయాల్సిన పని ఎక్కువ. నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని రాయాలి. నా పేజీ ఒకటి చూడండి. జరిగింది: స్నేహితురాలు మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు. వచ్చిన ఆలోచన: నేనంటే విసుగొచ్చింది. బాధ: నూటికి 80. రుజువు: జవాబు రాకపోవడం, అంతే. ఎదురు రుజువు: మొన్న తనే ఫోన్ చేసి గంట మాట్లాడింది. సరిచేసిన ఆలోచన: ఎందుకు రాయలేదో నాకు తెలియదు. బాధ: 50. సున్నా కాలేదు, కానక్కర్లేదు. "నాకలా అనిపించింది" అన్నదాన్ని మాత్రం రుజువు గడిలో రాయకూడదు.

ఇలా పది పేజీలు నిండాక అడుగున ఒకటే మాట కనిపిస్తుంది. సైకాలజిస్టు మెలనీ ఫెనెల్ 1997లో వివరించిన నమూనా దీని గురించే: 'నేను పనికిరాను' లాంటి తీర్పు ఒకటి లోపల ఉంటుంది, అది బయటపడకుండా మనం కొన్ని రూల్స్ పెట్టుకుంటాం. నా రూలు: ఎవరికీ ఇబ్బంది కలిగించకపోతేనే నాకు చోటు.

రూలును వాదించి గెలవలేం, పరీక్షించాలి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందే రాసిపెట్టుకోండి. 'కుదరదంటే కొలీగ్ మాట్లాడటం మానేస్తాడు' అని రాసుకుని, "ఈ వారం నాకు కుదరదు" అన్నాను, సాకు చెప్పకుండా. "సరే" అని ఇంకొకరిని అడిగాడు. నేనేమో పది నిమిషాలు వాష్‌రూమ్‌లో గుండె దడతో నిలబడ్డాను.

అద్దం ముందు "నేను గొప్పదాన్ని" అనుకోమనే సలహా నాకు నచ్చదు. సైకాలజిస్టు జోయన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవాళ్లకు ఇలాంటి మాటలు వల్లించాక మనసు ఇంకా దిగజారింది. దానికి బదులు రోజూ రాత్రి ఆ రోజు చేసిన మూడు పనులు రాయండి, చిన్నవే. 'బిల్లు టైముకి కట్టాను, కానీ...' అని రాస్తే మా థెరపిస్టు ఆ 'కానీ'ని పెన్నుతో కొట్టేసేవారు.

అందరినీ మెప్పించే అలవాటున్నవాళ్లు థెరపిస్టును కూడా మెప్పించబోతారు. నేను హోంవర్క్ చేయకుండా చేశానని చెప్పాను, రెండుసార్లు. మూడోసారి ఒప్పుకుంటే ఆవిడ కోప్పడలేదు, ఆ రోజంతా దాని మీదే మాట్లాడుకున్నాం. నాకు అన్నిటికంటే పనికొచ్చిన సెషన్ అదే. ఆవిడ మాట నచ్చకపోయినా అక్కడే చెప్పేయండి.

మార్పు కొలవాలంటే రోజెన్‌బర్గ్ స్కేలు ఉంది, ఆత్మగౌరవాన్ని కొలిచే చిన్న ప్రశ్నావళి. 1965 నాటిది, పదే వాక్యాలు. నెలకోసారి నింపితే చాలు, రోజూ చేస్తే అది ఇంకో పరీక్ష అయిపోతుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకో దగ్గరివాళ్లకో చెప్పండి.

ఇప్పుడు నేను నెలకోసారే వెళ్తున్నాను. నోట్‌బుక్‌లో 'కానీ' ఇంకా వస్తూనే ఉంది, కొట్టేసేది నేనే.