‘యానిమల్ ఫామ్’ను ఎలా చదవాలి: ఒక విద్యార్థి సూచనలు

1945లో వెలువడిన జార్జ్ ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ను మొదటిసారి చదివేటప్పుడు, నెపోలియన్ అనే పంది అంటే సోవియట్ నియంత స్టాలిన్, స్నోబాల్ అనే పంది అంటే అతడి ప్రత్యర్థి ట్రాట్‌స్కీ అన్న పోలికలను పక్కన పెట్టి, జంతువుల కథగానే చివరిదాకా చదవండి. బాక్సర్ అనే గుర్రం మీద మమకారం కలిగితేనే దానికి జరిగిన ద్రోహం ఎంత ఘోరమో తెలుస్తుంది.

రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవాలి. యజమానిని తరిమేశాక జంతువులు తమ కోసం గోడ మీద రాసుకున్న ఏడు ఆజ్ఞలను కాగితం మీద ఎత్తి రాసుకుని, ఏది ఎక్కడ మారిందో పేజీ సంఖ్యతో సహా గుర్తించండి. ఏ జంతువూ మంచం మీద పడుకోకూడదన్న ఆజ్ఞలో, పందులు యజమాని ఇంట్లో చేరాక, దుప్పటి పరిచిన మంచం అన్న సవరణ కనిపిస్తుంది. క్లోవర్ అనే ఆడ గుర్రానికి ఆ మాట ముందు విన్నట్టు గుర్తు లేకపోయినా, గోడ మీద ఉంది కనుక మొదటినుంచీ ఉండే ఉంటుందని సరిపెట్టుకుంటుంది. నవలలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ బెదిరించకుండానే ఒక ప్రాణి తన జ్ఞాపకాన్ని తానే వదులుకుంటుంది.

చరిత్ర పుస్తకం ఆ తర్వాతే తెరవండి. 1917 రష్యా విప్లవం, 1929లో ట్రాట్‌స్కీ దేశ బహిష్కరణ, 1930లలో స్టాలిన్ తన ప్రత్యర్థుల చేత చేయని నేరాలు ఒప్పించిన మాస్కో విచారణలు తెలిశాక, జంతువులు చేయని నేరాలను ఒప్పుకునే ఘట్టాన్ని మళ్లీ చదవండి. ప్రతి పాత్రకూ ఒక చారిత్రక వ్యక్తిని వెతకనక్కరలేదు. వ్యాసం రాయవలసి వస్తే, నెపోలియన్ తరఫున మాట్లాడే స్క్వీలర్ అనే పంది ప్రసంగం ఒక్కటి తీసుకుని, అతడు ఏ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకున్నాడో వాక్యం వెంట వాక్యంగా చూపించండి.