వెంటిలేటర్ పేషెంట్‌ని సీటీ స్కాన్‌కి తీసుకెళ్లే ముందు

రేపటి స్కాన్ లిస్టులో మీ బెడ్ పేషెంట్ ఉంటే, ఈ రాత్రి డ్యూటీలోనే ఇవి చూసుకోండి.

– ఆక్సిజన్ లెక్క కట్టండి. "ఫుల్లే ఉంది సిస్టర్" అంటే నమ్మొద్దు. వాల్వ్ తిప్పి గేజ్ మీరే చూడండి. 10 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ ఒత్తిడి ఉంటే మిగిలింది దాదాపు 500 లీటర్లు (10 × 50). నిమిషానికి 15 లీటర్ల చొప్పున పోతే అరగంటే. లిఫ్ట్ కోసం ఆగే టైమూ అందులోదే. అవసరానికి రెట్టింపు పెట్టుకోండి. సిలిండర్ కీ మర్చిపోతే రెండోది ఉన్నా దండగే.

– శ్వాసనాళంలోకి వేసిన ట్యూబ్ పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల మీద ఉందో రాసుకోండి. మంచం నుంచి టేబుల్ మీదకి మార్చేటప్పుడే జారే ప్రమాదం ఎక్కువ. మార్చాక మళ్లీ చూడండి: కాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపేది) గీత వస్తోందా, ఛాతీ రెండు వైపులా లేస్తోందా.

– అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి), మాస్క్ మంచం మీదే.

– నార్‌ఎడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) సిరంజి అయిపోవస్తుంటే బయల్దేరకముందే కొత్తది ఎక్కించండి. మందు ఆగిన నిమిషాల్లోనే బీపీ పడిపోతుంది. పంపు బ్యాటరీని ప్లగ్ తీసి చూడండి; ప్లగ్‌లో ఉన్నంతసేపు అన్ని పంపులూ మంచివే!

– ఛాతీ డ్రెయిన్ (ఛాతీలోంచి గాలి, ద్రవం బయటకు తీసే గొట్టం) క్లాంప్ పెట్టి మూయొద్దు. గాలి లోపలే పేరుకుని టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఆ గాలి ఊపిరితిత్తిని, గుండెను నొక్కేయడం) అవ్వొచ్చు. బాటిల్ ఛాతీ కన్నా కిందే ఉండాలి.

– కాంట్రాస్ట్ (స్కాన్ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) ఉంటే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు, ఒప్పుకోలు సంతకం, పనిచేసే ఆకుపచ్చ లేదా గులాబీ క్యానులా (నరంలో పెట్టే సన్న గొట్టం).

– టేబుల్ ఖాళీ అయిందని స్కాన్ రూమ్ నుంచి ఫోన్ వచ్చాకే, డాక్టర్ పక్కన ఉంటేనే కదలండి.