ఫ్రిజ్ 18 డిగ్రీలే చూపిస్తున్నా బీరు ఎందుకు ఘాటెక్కుతోంది?

సమస్య: అమెరికాలో గ్యారేజీలోని పాత ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలించి ఏల్ బీరు కాచుకునే మనవాళ్లు తరచూ చెప్పేది ఇదే. తెర మీద 18 డిగ్రీల సెల్సియస్ కదలకుండా నిలిచి ఉంటుంది. సీసా తెరిస్తే మాత్రం గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, గుటక వేస్తే గొంతులో మంట. వెంటనే ఈస్ట్‌ను తిట్టుకుని వేరే ప్యాకెట్ తెప్పిస్తారే గాని, అసలు బీరు ఎంత వేడిగా ఉందో కొలిచి చూడరు.

కారణం: సెన్సర్ ఫ్రిజ్ గాలిలో వేలాడుతూ ఉండడం. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చేటప్పుడు వేడి పుడుతుంది కనుక, పులియడం ముమ్మరంగా సాగే మొదటి రెండు మూడు రోజుల్లో 20 లీటర్ల ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) లోపల చుట్టూ ఉన్న గాలి కన్నా 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ ఉండడం మామూలే. అంటే గాలి 18 దగ్గర ఉన్నప్పుడు బీరు 22, 23 దగ్గర ఉంటుంది. ఘాటైన ఫ్యూసెల్ ఆల్కహాళ్లు ఎక్కువగా తయారయ్యేదీ ఆ రోజుల్లోనే. పులియడం నెమ్మదించాక రెండు ఉష్ణోగ్రతలూ ఒకటవుతాయి. అందుకే వారం తరువాత తీరిగ్గా థర్మామీటరు పెట్టి చూసినవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, దొంగ దొరకడు.

పరిష్కారం: సెన్సర్‌ను ఫెర్మెంటర్ పక్కగోడకు, ద్రవమట్టానికి బాగా దిగువన అంటించి, పైన బబుల్ ర్యాప్ నాలుగు మడతలు వేసి కప్పాలి. కప్పకపోతే అది సగం గాలినే కొలుస్తుంది. నురుగు తేలే పైభాగంలో అంటిస్తే ఏ ప్రయోజనమూ లేదు. ఫ్రిజ్‌లోని చెమ్మకు టేపు ఊడిపోతుంది కాబట్టి దాని మీదుగా ఒక ఎలాస్టిక్ పట్టీ బిగించాలి. థర్మోవెల్ (సెన్సర్‌ను లోపల పెట్టి ద్రవంలోకి దించే, అడుగు మూసిన గొట్టం) ఉంటే మరీ మంచిది.

ఇంత చేసినా ఘాటు తగ్గకపోతే, వోర్ట్ (ఇంకా పులియని తీపి మాల్ట్ రసం) 27 డిగ్రీల దగ్గర ఉండగానే ఈస్ట్ వేసి, మిగతాది ఫ్రిజ్ చూసుకుంటుందిలే అనుకున్నారేమో గుర్తు చేసుకోండి. అంత ద్రవం గాలికి చల్లబడడానికి గంటలు పడుతుంది, ఈస్ట్ అంతసేపు ఆగదు. ముందు 18కి దించి, ఆ తరువాతే వేయాలి.

చివర్లో పులియడం మందగిస్తే 20, 21కి పెంచవచ్చు. ఆ దశలో ఆ వేడి హాని చేయదు, పైగా వెన్న వాసన ఉంటే అదీ పోతుంది.

చచ్చిన ఈస్ట్, చెడిన కంట్రోలర్, బయటి సూక్ష్మజీవులు అరుదు. సెన్సర్ చూసుకున్నాకే వాటి జోలికి వెళ్లండి. 35 డిగ్రీల దగ్గర కూడా శుభ్రంగా పులిసే క్వైక్ అనే నార్వే ఈస్ట్ వాడేవారికి ఈ బాధే లేదు.